సర్వహక్కులతో ఒక సీసా

జనార్ధనరావు తొంభై ఏళ్ళ ముసలాయన చేత సంతకం పెట్టించుకుని, ఆయన వంటిల్లు మొత్తం రాయించుకున్నాడని ఎదురు ఫ్లాట్ అనిత పద్మతో అందట. రాయించుకుని ఊరుకోలేదట, బట్టల మూటలు లాగే ట్రాలీ తెచ్చి పిండి డబ్బాల దగ్గర్నుంచి బిస్కెట్ పొట్లాల దాకా తోలుకొచ్చేశాడట. అన్నిటికన్నా పైన చెక్కపెట్టెలో ఒక సీసా చంటిపిల్లలా పడుకుని ఉందట. పద్మ కెనడాలోని హామిల్టన్‌లోనే ఒక హాస్పిటల్లో నర్సు. ఒకరి నాడి చూస్తూ ఇంకొకరి సంగతి వినగలిగిన మనిషి. గుడ్ ఫ్రైడే పొద్దున్నే ఈ కబురు జనార్ధనరావు భార్య చంద్రకళకి ఫోన్లో అప్పజెప్పి, "నేనైతే నమ్మలేదాంటీ, మీకు తెలిస్తే మంచిదని చెప్తున్నా" అని కూడా అంది.

చంద్రకళ అంతా విన్నది కానీ ఆవిడ చెవిలో మిగిలింది ఒకటే మాట. సీసా.

ఆ సీసా సంగతి తెలియాలంటే రెండు రోజులు వెనక్కి, బుధవారం పొద్దుటికి పోవాలి. అంతకంటే ముందు జనార్ధనరావు సంగతి తెలియాలి. నలభై ఏళ్ళు ఆయన కావలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో దస్తావేజులు రాసి బతికినవాడు. అన్నదమ్ములు కొట్టుకుని వచ్చినా, వియ్యంకులు అలిగి వచ్చినా, ఆయన కళ్ళజోడు సవరించుకుని అడిగేది ఒకటే: "స్వాధీనం ఇచ్చారా, లేదా?" కాగితం మీద ఎంత రాసుకున్నా సరే, వస్తువు చేతులు మారకపోతే అది అమ్మకమే కాదని ఆయన సిద్ధాంతం. చంద్రకళ అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా రిటైరైంది. తొంభైల్లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం లేచినప్పుడు చీపురు తిరగేసి పట్టుకుని, సారా ప్యాకెట్ల బస్తాలు రోడ్డు మీద కుమ్మరించినవాళ్ళలో ముందు వరస మనిషి. ఆ చీపురు పట్టు ఇప్పటికీ ఆవిడ చేతికి పోలేదు.

పెద్దవాళ్ళని ఆరు నెలలు పరాయి దేశంలో సేవకి పంపే సంస్థ ఒకటి ఈ ఇద్దర్నీ హామిల్టన్‌కి పంపింది. మూతబడిన పాత స్కూలు బిల్డింగులో నడిచే కమ్యూనిటీ కిచెన్‌లో వీళ్ళ పని. వారానికి ఐదు రోజులు ఒంటరి ముసలివాళ్ళకి వేడి అన్నం. అన్నం అంటే అన్నమే కాదు, సూపు, బంగాళదుంపల ముద్ద, ఉడకేసిన బీన్సు. చంద్రకళ వచ్చిన మూడో వారానికి ఆ బీన్సులో తాలింపు పడింది. నాలుగో వారానికి ముసలివాళ్ళు రెండోసారి వడ్డించమనడం మొదలుపెట్టారు.

కిచెన్ నడిపేది డోరతీ. ఎర్రటి ముక్కు, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద గరిటె. ఆ ఏడు యూదుల పాసోవర్, క్రైస్తవుల ఈస్టర్ ఒకే వారంలో పడ్డాయి. "ఇంక ఎవరి పండగ వాళ్ళింట్లో ఎందుకు, ఆదివారం మధ్యాహ్నం వాలంటీర్లందరం కుటుంబాలతో, తెలిసినవాళ్ళతో ఇక్కడే కలిసి తిందాం" అని డోరతీ తేల్చేసింది.

బుధవారం పొద్దున జనార్ధనరావు పథకం చాలా మామూలుది. మిరియం ఇంటికెళ్ళి ఆదివారం వంటకి పెద్ద గిన్నె తేవాలి, దారిలో ఉల్లిపాయలు కొనాలి, పదింటికల్లా ఇంటికొచ్చి ఇడ్లీ తినాలి. మిరియం యూదురాలు, రిటైరైన స్కూలు టీచరు. కిచెన్‌లో ఆయన పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగే మనిషి. ఇల్లు రెండు వీధుల అవతల. తండ్రి సాల్ గారితో కలిసి ఉంటుంది. పెద్దాయనకి పండగ వెళ్ళిన మర్నాటికి తొంభై నిండుతాయి. చంద్రకళ ఆ పేరుకి నోరు తిరగక "సాలయ్య గారు" అని పిలుస్తుంది. ఆయనా పలుకుతాడు.

గిన్నె కోసం వెళ్ళినవాడికి వంటింట్లో మిరియం తలపట్టుకుని కనిపించింది.

"మా పండగ ఎనిమిది రోజులూ గోధుమతో, బార్లీతో చేసి పులిసినదేదీ మా ఇంట్లో ఉండకూడదు" అంది. "తినకపోతే చాలదు, అది మాది అయి కూడా ఉండకూడదు. అందుకని మా మతం కానివాళ్ళకి అమ్మేసి, పండగయ్యాక మళ్ళీ కొనుక్కుంటాం. అందరూ మా మతగురువు రబ్బీ గారి ద్వారా అమ్ముతారు. మా నాన్న మాత్రం వాళ్ళ నాన్నలాగే తనే మనిషిని వెతుక్కుని అమ్ముతాడు. ఇన్నేళ్ళూ కొన్న పక్కింటాయన పోయిన నెల ఇల్లు మారిపోయాడు. మీరు కొంటారా? ఐదు డాలర్లు. ఊరికే, పద్ధతి కోసం."

జనార్ధనరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. నాలుగు నెలలుగా ఉల్లిపాయలు తరిగిన చేతికి పాత దురద లేచింది.

"తిరిగి కొనే షరతు మీద అమ్మకం" అన్నాడు ఇంగ్లీషులోనే, కాకపోతే రిజిస్ట్రార్ ఆఫీసు ఇంగ్లీషులో. "మా కావలి పక్క సగం పొలాలు ఇట్లాగే పోయాయి. ఒక తెల్లకాగితం ఇవ్వండి."

సాల్ గారు సరదాపడి ఎదురుగా కూర్చున్నాడు. జనార్ధనరావు ఒక పక్క ఇంగ్లీషులో, ఇంకో పక్క తెలుగులో దస్తావేజు రాశాడు. గోధుమపిండి డబ్బాలు మూడు, నూడుల్స్, ఓట్స్, బిస్కెట్ పొట్లాలు పద్నాలుగు, బార్లీతో చేసిందే కాబట్టి విస్కీ సీసా ఒకటి. హద్దులు లేకుండా దస్తావేజు ఏమిటని చతుర్హద్దులూ వేశాడు. తూర్పు ఫ్రిజ్, పడమర డిష్‌వాషర్, ఉత్తరం కిటికీ, దక్షిణం పిల్లి పడుకునే బుట్ట. చివర 'నేటి నుండి తాము పుత్రపౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వహక్కులతో సుఖాన అనుభవించగలవారు' అని రాసి, దాని అర్థం ఇంగ్లీషులో చదివి వినిపించాడు. సాల్ గారు మెచ్చుకుని సంతకం పెట్టాడు. అంతలో వాళ్ళ ప్రార్థనామందిరానికి తీసుకెళ్ళే కారు వస్తే వెళ్ళిపోయాడు.

మిరియం అలమారకి తాళం వేసి తాళంచెవి చేతికిచ్చింది. "సామాను ఇక్కడే ఉంటుంది. తాళంచెవి మీ దగ్గర ఉంటే చాలు."

"ఎట్లా చాలుతుంది మిరియం గారూ? స్వాధీనం ఇవ్వని అమ్మకం అమ్మకమే కాదు. రేపు ఎవరన్నా అడిగితే?"

"ఎవరడుగుతారు?"

"దేవుడు."

అరవై ఏళ్ళుగా జరుగుతున్న పండగలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. మిరియం వెనక వరండాలోంచి ట్రాలీ తెచ్చి ఇచ్చింది.

సీసా పెట్టె అందిస్తున్నప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి కొంచెం ఆగింది. "ఇది జాగ్రత్త. నాన్నకి ఎనభై నిండినప్పుడు అమ్మ కొన్నది. తొంభయ్యో పుట్టినరోజు నాడు తెరుద్దాం అంది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. నాన్న కోసం కొంది. వచ్చే శుక్రవారం తెరవాలి."

"నా ప్రాణం అనుకోండి" అన్నాడు జనార్ధనరావు. నిజంగానే అనుకున్నాడు.

అనుకున్నాడు గానీ, ఇంట్లో ఉన్నది చంద్రకళ. ఆవిడ ఉన్న కప్పు కింద విస్కీ సీసా పెట్టడమంటే గడ్డివాము పక్కన నిప్పు పెట్టడమే. కాబట్టి సీసాని పెట్టెతో సహా చలికోట్ల సూట్‌కేసు అడుగున, ఊలు మేజోళ్ళ మధ్య దాచాడు. మిగతా సామాను బల్ల మీద పరిచాడు.

"ఏంది ఇదంతా?" అంది చంద్రకళ.

"మిరియం వాళ్ళింట్లో పండక్కి ఇవి ఉండకూడదంట. మనకి రాసిచ్చినారు."

"పాపం, ఎంత మంచోళ్ళో" అని ఆవిడ కుక్కర్ విజిల్‌కి లోపలికి వెళ్ళిపోయింది. వచ్చే గురువారం రాత్రికి ఇవి తిరిగి ఇవ్వాలన్న ముక్క ఆయన నోట్లోనే ఉండిపోయింది. తర్వాత చెప్పొచ్చులే అనుకుని ఇడ్లీ తిన్నాడు.

ఆ సాయంత్రం మిరియం ఇంట్లో పండగ విందుకి ఇద్దరూ వెళ్ళారు. బల్ల చుట్టూ ఒకరి తర్వాత ఒకరు పాత కథ చదువుతూ, మధ్యలో పాడుతూ, బానిసతనంలోంచి బయటపడ్డ రాత్రిని గుర్తుచేసుకున్నారు. అప్పటి తొందరలో పిండి పులవడానికి కూడా ఆగకుండా రొట్టె కాల్చుకుని బయల్దేరారట. ఆ రొట్టె గుర్తుగా పెట్టిన మాట్జా చప్పటి అప్పడంలా ఉంటే చంద్రకళ రెండు తిన్నది. చేదు రుచి గుర్తుగా పెట్టిన ముల్లంగి లాంటి దుంప తురుము ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "మా ఆవపెట్టిన కూరకి అక్క" అని మెచ్చుకుంది.

ఆవిడ మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు మిరియం నవ్వుతూ, "నాన్నా, ఈసారి కొన్నాయన సరుకు మొత్తం ఇంటికి తీసుకెళ్ళిపోయాడు తెలుసా?" అంది.

సాల్ గారి చేతిలో మాట్జా విరిగింది. "ఇంటికా? మొత్తమా? సీసా కూడానా?"

"దాన విక్రయాది సర్వహక్కులతో" అన్నాడు జనార్ధనరావు, ఛాతీ విరిచి.

పెద్దాయన మొహం బల్లమీది గుడ్డలా తెల్లబడింది. భార్య కొన్న వస్తువు కదా, ఎంత ప్రేమో అనుకుని జనార్ధనరావు మనసు కరిగింది.

గురువారం పొద్దున సాల్ గారు చక్రాల నడకబండి తోసుకుంటూ వీళ్ళ అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద ప్రత్యక్షమయ్యాడు.

"ఊరికే ఇటు వచ్చాను. సీసా ఒకసారి చూసి పోదామని."

"మీరు చూడకూడదు కదండీ పండగలో. ఇప్పుడది మీది కాదు."

"చూడను. పట్టుకుంటాను."

"అస్సలు కుదరదు" అన్నాడు జనార్ధనరావు. ఆయన భక్తి ఎక్కడ చెడుతుందోనని తనే ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టి వచ్చాడు.

శుక్రవారం పద్మ ఫోను వచ్చింది. అప్పటికి జనార్ధనరావు కిచెన్‌లో కుర్చీలు సర్దడానికి వెళ్ళాడు. చంద్రకళ ఫోను పెట్టేసి కొంగు బిగించింది. బీరువా చూసింది, మంచం కింద చూసింది, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. చివరికి ఊలు మేజోళ్ళ మధ్య పెట్టె దొరికింది. మూత చుట్టూ ఉన్న సీలు తెగి ఉంది. సీసా మెడ దాకా లేదు, రెండు వేళ్ళు తక్కువ.

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అరవయ్యారేళ్ళ వయసులో, సేవ చేయడానికి వచ్చిన దేశంలో, మేజోళ్ళలో దాచుకుని తాగుతున్నాడు. అదీ రెండు రోజుల్లో రెండు వేళ్ళు. ఊళ్ళో పదిమంది మొగుళ్ళ చేత మాన్పించినదాని మొగుడు.

సింకులో పోద్దామని లేచింది. అయినా చీపురు తిరగేసిన రోజుల్లో కూడా వస్తువు వృథా చేసే గుణం ఆవిడకి లేదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని సీసాని పెట్టెతో సహా సంచీలో వేసుకుని, పిండి డబ్బాలు, బిస్కెట్లు ట్రాలీలో పెట్టుకుని కిచెన్‌కి బయల్దేరింది. ఆయన కుర్చీలు సర్దే హాల్లోకి కాకుండా వెనక గుమ్మంలోంచి వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ డోరతీ ఈస్టరుకి మూడు పెద్ద పళ్ళ కేకులు కాల్చి చల్లార్చుకుంటోంది. వారం రోజులుగా జలుబు. ముక్కు టమాటాలా ఉంది.

"దీన్ని ఏం చేయాలో మీకే తెలుసు" అని చంద్రకళ సీసా బల్ల మీద పెట్టింది.

డోరతీ సీసా మీది చీటీ చదివి కళ్ళు పెద్దవి చేసింది. "ఇంత మంచి విస్కీ కేకుల మీద పోయమంటావా?"

"మా ఇంట్లో దానికి వేరే పని లేదు."

డోరతీ ఎగబీల్చింది, ఏ వాసనా తగల్లేదు. మూడు కేకులకీ పుల్లతో కన్నాలు పొడిచి, చివరి చుక్క దాకా పోసింది. అది జరుగుతుండగా చంద్రకళ తెచ్చిన ఆ పిండే తడిపి ఆదివారానికి బొబ్బట్లు మొదలుపెట్టింది. బిస్కెట్లన్నీ పిల్లలు వెతుక్కునే ఈస్టర్ గుడ్ల సంచుల్లోకి పోయాయి.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆవిడ ఆయన కంచంలో పప్పు వేస్తూ అడిగింది. "మీరు నాకేమన్నా చెప్పాల్సింది ఉండాదా?"

జనార్ధనరావుకి సీసా గుర్తొచ్చింది. "ఏం లేదే."

"సరే" అందావిడ. ఆ 'సరే' విన్నాక ఆయనకి నెయ్యి అడిగే ధైర్యం లేకపోయింది.

శనివారం పొద్దున సూట్‌కేసు తెరిచి చూశాడు. మేజోళ్ళు ఉన్నాయి. పెట్టె లేదు. దొంగలు పడ్డారంటే తాళాలు బాగానే ఉన్నాయి. భార్యని అడుగుదామంటే, సీసా పోయిందని చెప్పడానికి ముందు సీసా ఉండేదని చెప్పాలి. నలభై ఏళ్ళ సర్వీసులో ఒక్క దస్తావేజు మీద కూడా కేసు పడలేదు. ఇప్పుడు చచ్చిపోయిన మనిషి ప్రేమగా కొన్న వస్తువు, ఆరు రోజుల్లో తొంభై నిండే పెద్దాయన పదేళ్ళుగా ఎదురుచూస్తున్న వస్తువు, తన స్వాధీనంలో ఉండగా మాయమైంది.

ఒకటే దారి కనిపించింది. బతుకులో మొదటిసారి మందు షాపు గుమ్మం ఎక్కాడు. అక్కడి కుర్రది సీసా చీటీ మీది పేరు విని నవ్వింది. "అంకుల్, అది పదేళ్ళ కిందటి సరుకు. ఇప్పుడు ఎక్కడా దొరకదు." ఆయన ఉత్త చేతులతో బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటుంటే, అవతలి ఫుట్‌పాత్ మీద కూరల సంచీతో అనిత కనిపించింది. అనిత చెయ్యి ఊపింది. ఊపిన చెయ్యి దించకుండానే ఇంకో చేత్తో ఫోను తీసింది.

ఇటు తిరిగితే ప్రార్థన ముగించుకుని నడకబండితో వస్తున్న సాల్ గారు. ఇద్దరూ ఒకర్నొకరు చూసి ఉలిక్కిపడ్డారు.

"సీసా బాగుందా?" అన్నాడు పెద్దాయన, షాపు బోర్డు వంక, ఆయన వంక మార్చి మార్చి చూస్తూ.

"బాగుంది."

"ఎవరూ తెరవలేదు కదా?"

"అబ్బే."

"రుచి చూడలేదు కదా?"

"నేను తాగనండీ."

"మంచిది. తాగకు. అస్సలు తాగకు" అన్నాడు సాల్ గారు, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని. అంత మంచి మనిషికి అబద్ధం చెప్పానే అని జనార్ధనరావుకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. పక్కన చంద్రకళకీ పట్టలేదు, ఎందుకంటే మందు షాపు కబురు చీకటి పడకముందే చేరింది.

ఆదివారం మధ్యాహ్నానికి పాత స్కూలు హాలు నిండిపోయింది. పిల్లలు కిటికీల వెనకా బీరువాల కిందా రంగు గుడ్లు వెతుకుతున్నారు. కాల్చిన కూరలు, పులిహోర, బొబ్బట్ల గుట్ట, నడుమ మూడు పళ్ళ కేకులు. బల్ల మధ్యలో పచ్చటి డాఫోడిల్ పూలు. కేకు మొదలై అప్పటికే అరగంట అయింది. "విస్కీ కాస్త ఎక్కువే పడింది" అని డోరతీ అందరికీ చెప్పి వడ్డించింది. మొహమాటానికి ఒక ముక్క తీసుకున్న అనిత నాలుగో ముక్క మీద ఉంది. సాయంత్రం డ్యూటీ ఉన్న పద్మ, ఆ మాట వినకముందే రెండు తినేసింది.

సాల్ గారు, మిరియం తమ మాట్జా పెట్టె, ఉడికించిన గుడ్లు, పళ్ళతో వచ్చి కూర్చున్నారు. మిరియం పూల వంక చూసింది. తర్వాత పూలు పెట్టిన సీసా వంక చూసింది.

"అది అమ్మ సీసా" అంది.

హాల్లో పిల్లలు తప్ప అందరూ ఆగిపోయారు. జనార్ధనరావు లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది" అన్నాడు. "మీరు తాళంచెవి ఇస్తే చాలన్నారు. నేనే స్వాధీనం కావాలన్నాను. మేజోళ్ళలో దాచాను. ఎట్లా ఇక్కడికి వచ్చిందో నాకు తెలియదు."

"నాకు తెలుసు. నేనే తెచ్చినా" అంది చంద్రకళ. "తాగుతున్నాడనుకున్నా ఈ మనిషి."

"నేనెప్పుడు తాగినా?"

"సీలు తెగి ఉండాది. రెండు వేళ్ళు తగ్గి ఉండాది."

"నేను మూత కూడా తీయలేదే."

సాల్ గారు తలెత్తి సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ సమయంలో ఆయన్ని ఎవరూ చూడలేదు, ఎందుకంటే డోరతీ గరిటెతో బల్ల మీద కొట్టింది.

"మొత్తం సీసా కేకుల్లోనే ఉంది. కాల్చిన తర్వాత పోశాను, ఒక్క చుక్క ఆవిరి కాలేదు. కేకు తిన్నవాళ్ళెవరూ కారు ముట్టుకోవడానికి వీల్లేదు. తాళాలన్నీ ఇందులో వేయండి" అని సలాడ్ గిన్నె పట్టుకుని హాలంతా తిరిగింది. పంతొమ్మిది కార్ల తాళాలు గిన్నెలో పడ్డాయి.

తాళం పోయిన మరుక్షణమే జనానికి మత్తు తెలియడం మొదలైంది. ఒకాయన కోటు విప్పేసి గోడకి ఆనుకున్నాడు. అనిత కళ్ళు సగం మూసి, "అంకుల్, ఈ హాలు కొంచెం తూర్పుకి, హాలిఫాక్స్ వైపు జరుగుతోంది" అంది. ఆ తర్వాత కుర్చీ ఎక్కి, ఐదో తరగతిలో నేర్చుకున్న దేశభక్తి గీతం మూడు చరణాలూ పాడింది. మూడో చరణంలో ఏడ్చింది కూడా. "జనార్ధనరావంకుల్ గురించి నేను పద్నాలుగు మందికి చెప్పాను, నన్ను క్షమించండి" అని, వేళ్ళు మడిచి ఆ పద్నాలుగు పేర్లూ చెప్పింది. అందులో ఏడుగురు అక్కడే ఉన్నారు.

పద్మ మాత్రం గోడ పక్కన ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. "నాలుగింటికి నా డ్యూటీ. నా వార్డులో ఇంకెవరూ లేరు. తాగి డ్యూటీకి వెళ్తే ఉద్యోగం పోతుంది, వెళ్ళకపోతే పేషెంట్ల గతేంటి?" అని హాస్పిటల్ నంబరు నొక్కింది. "హలో సిస్టర్, నేను పద్మని. నేను ఈ పూట..."

"ఆ ఫోను పెట్టెయ్యమ్మా" అన్నాడు సాల్ గారు.

గొంతు చిన్నదే అయినా నడకబండిని నేలకేసి కొట్టేసరికి అందరూ తిరిగారు. ఆయన లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకున్నాడు. కోర్టులో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నువ్వు డ్యూటీకి వెళ్ళు. నీకేం కాలేదు. ఎవరికీ ఏం కాలేదు. అది టీ."

"ఏది టీ?" అంది డోరతీ.

"సీసాలో ఉన్నది. ఐదేళ్ళుగా టీయే. రంగు సరిపోయేలా చిక్కగా కాచి పోసేవాణ్ణి. పాడవకుండా రెండు నెలలకోసారి మార్చేవాణ్ణి. పోయిన నెల కొంచెం తక్కువ కాచాను, అందుకే రెండు వేళ్ళు తగ్గింది. శుక్రవారం తెరిచేలోపు ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. ఇంతలో ఈయన కొనేశాడు. కొన్నవాడు కొన్నట్టు ఉండకుండా తీసుకెళ్ళిపోయాడు."

గోడకి ఆనుకున్నాయన నిటారుగా అయి కోటు తొడుక్కున్నాడు. అనిత కుర్చీ దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా ఐదో ముక్క తీసుకుంది. పద్మ ఫోన్లో, "ఏం లేదు సిస్టర్, హ్యాపీ ఈస్టర్ చెబుదామని చేశా" అని పెట్టేసి, సలాడ్ గిన్నెలో తన తాళం వెతుక్కుంది.

ముందు నవ్వింది చంద్రకళ. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆవిడని చూసి డోరతీ, డోరతీ తుమ్ముతూ నవ్వడం చూసి మిగతా అందరూ. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా పిల్లలు కూడా బుట్టలు ఎగరేసి నవ్వారు.

నవ్వనిది జనార్ధనరావు ఒక్కడే. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"అంటే మీరు నాకు టీ రాసిచ్చారు."

"అవును."

"వర్ణించిన వస్తువు ఒకటి, ఇచ్చిన వస్తువు ఇంకొకటి. ఆ మేరకు దస్తావేజు చెల్లదు."

"చెల్లదు" అని ఒప్పుకున్నాడు సాల్ గారు. "టీ పులవదు కూడా. పండగలో మా ఇంట్లోనే ఉండొచ్చు. నువ్వు అనవసరంగా మోసుకెళ్ళావు."

"రాత్రంతా నాకు నిద్ర లేదండీ."

"నాకు మాత్రం ఉందా? నువ్వు మందు షాపులోంచి బయటికి రావడం చూసి, రుచి తేడా కనిపెట్టి అడగడానికి వెళ్ళావనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నవ్వాడు జనార్ధనరావు. నవ్వినవాడు నవ్వినట్టే కుర్చీలో కూలబడితే చంద్రకళ వచ్చి ఆయన కంచంలో వేడి బొబ్బట్టు వేసి, అడక్కుండానే దాని మీద నెయ్యి కుమ్మరించింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో నెయ్యి కనబడలేదు. ఆయన గబగబా తిన్నాడు.

"గురువారం నా పిండి నాకు తిరిగి అమ్ముతావా మరి?" అన్నాడు సాల్ గారు.

"అదే తింటున్నానండీ" అన్నాడు జనార్ధనరావు, నోటినిండా.

డోరతీ టీ కేకులు మళ్ళీ కోసి పంచింది. తాగలేదని తెలిశాక అవి ఇంకా త్వరగా అయిపోయాయి. ఎవరో పియానో మూత తెరిచారు. పిల్లలు దొరికిన గుడ్లన్నీ తెచ్చి సాల్ గారి నడకబండి బుట్టలో పోసి, ఆయన చేత లెక్క చెప్పించుకుంటున్నారు.

మిరియం మాత్రం డాఫోడిల్స్ పక్కన కూర్చుని ఆ సీసానే చూస్తోంది. కోపం లేదు గానీ, కళ్ళు తడిగా ఉన్నాయి. చంద్రకళ వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"డాక్టరు వద్దన్నాక కూడా దొంగతనంగా తాగావన్నమాట" అంది మిరియం తండ్రితో. "అది కాదు నా బాధ. పండగలకి కూడా ద్రాక్షరసం తప్ప చుక్క ముట్టని మనిషి అమ్మ. నీ మీద ప్రేమతో, తనకి అస్సలు గిట్టని వస్తువు కొని దాచింది. ఈ సంగతి తెలిస్తే అమ్మ ఏమనేది నాన్నా?"

సాల్ గారు మాట్జా ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలి మింగాడు.

"ఏమంటుంది? పై సగం తాగింది ఆవిడే."